గాలంతిస్ కూడా ఆయమ్మే

కాన్పు గదిలో పనికి చేరబోయే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. లోపలికి పోయేముందు బయట ఎవరు కూర్చున్నారో చూడండి. ఎట్లా కూర్చున్నారో కూడా చూడండి. నొప్పులు పడే మనిషి మంచం మీద ఉంటుంది గానీ, ఆమె భయం చాలాసార్లు గడప అవతల ఉంటుంది.

నేను చదివింది మూడో తరగతి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఉన్న ఒక చిన్న కాన్పుల దవాఖానలో ఆయాగా చేరి, నడుము వంగేదాకా అక్కడే పనిచేశాను. నా మనవరాలు అనూష ఇక్కడే నర్సింగ్ చదువుతోంది. తన తోటి పిల్లల కోసం రాయమని వెంటపడితే రాస్తున్నాను. కొత్త కాగితాలు కొనుక్కొస్తానంటే వద్దన్నాను. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా.

జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. వాటితో మీకు పనిలేదు.

ముడులు

మా ఊళ్లలో ఒక ఆచారం ఉంది. కాన్పు కష్టమైతే ఇంట్లో ఉన్న ముడులన్నీ విప్పుతారు. ఆడవాళ్లు కొప్పులు విప్పుకుంటారు. పెట్టె తాళం తీస్తారు, బర్రె పలుపు విప్పుతారు. గడపలో కాలి మీద కాలు వేసుకుని, చేతులు కట్టుకుని ఎవరినీ కూర్చోనివ్వరు. అట్లా కూర్చుంటే లోపల కడుపు కూడా బిగుసుకుంటుందని నమ్మకం.

మా డాక్టరమ్మ దీన్ని ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. ముడి విప్పితే కాన్పు అయిపోదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కానీ బయట ఊరికే కూర్చుని ఏడ్చేవాళ్ల చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది. "విప్పనీ బాలమ్మా, నాకైతే అడ్డం కాదు" అనేది. నేను కూడా లోపలికి పోయేటప్పుడు టోపీ పెట్టుకుని, దాని కింద కొప్పు విప్పుకునేదాన్ని. టోపీ మాత్రం తప్పకుండా పెట్టుకునేదాన్ని. నమ్మకం నమ్మకమే, శుభ్రం శుభ్రమే.

ఇంకొక మాట. నేను సబ్బు అరిగిపోయి రేకైనా పారేయను, పాత చీర అంచునైనా దాస్తాను. కానీ గ్లౌజుల దగ్గర, బొడ్డు కోసే బ్లేడు దగ్గర పొదుపు చేసేవాళ్లను చూస్తే చేతికి చీపురు తీసుకుంటాను. ఎక్కడ దాచాలో తెలియని పొదుపు పాపం.

గ్రీకు దేశపు పనిమనిషి

గాలంతిస్ ఎవరో చెప్పాలి. ఆమె కథ నాకు మా డాక్టరమ్మ చెప్పింది. ఎప్పుడు, ఎందుకు చెప్పిందో తర్వాత వస్తుంది.

గ్రీకు దేశపు పాత కథల్లో ఆల్క్‌మీనా అనే ఒక ఇల్లాలు ఉంది. ఆమె కడుపులో ఉన్నది దేవతల రాజు బిడ్డ. దేవతల రాణి హీరాకు అది కంటగింపు. ఆ బిడ్డ పుట్టకూడదు, కనీసం ఇప్పుడప్పుడే పుట్టకూడదు అనుకుంది. కాన్పులు చేయించే దేవతను పిలిచి, పోయి దాన్ని ఆపమని పంపింది. కాన్పు చేయించాల్సిన దేవతే కాన్పు ఆపడానికి వచ్చి, ఇంటి ముందు కూర్చుంది. మోకాలి మీద మోకాలు వేసి, వేళ్లలో వేళ్లు దూర్చి బిగించింది. ఆ వేళ్లు విడివడితే తప్ప లోపల బిడ్డ కదలదు. ఆల్క్‌మీనా రోజుల తరబడి అరుస్తూనే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు దేవుళ్లకు మొక్కుతూనే ఉన్నారు.

ఆ ఇంట్లో గాలంతిస్ అనే పనిమనిషి ఉంది. లోపలికీ బయటికీ తిరిగే మనిషి. నీళ్లు తెచ్చేది, బట్టలు తీసుకుపోయేది. అట్లా తిరిగే మనిషికే గడపలో కూర్చున్నది కనబడింది. మంచం పక్కన ఉన్నవాళ్లెవరికీ కనబడలేదు.

ఈ ముక్క విన్నప్పుడు, ఏ దేశమైనా గడప గడపే అనుకున్నాను. గాలంతిస్ ఏం చేసిందో చెప్పేముందు మన ఇబ్రహీంపట్నం సంగతి చెప్పాలి.

స్వప్న మంచం మీద, అంతమ్మ గడపలో

స్వప్న బొంగులూరు దిక్కు నుంచి వచ్చిన పిల్ల. తొలికాన్పు. భర్త వెంచర్లలో మట్టి తోలే టిప్పర్ నడుపుతాడు. ఆ రోజు కూడా బండి మీదే ఉన్నాడు. వెంట వచ్చింది అత్త అంతమ్మ.

పొద్దున నొప్పులు బాగానే వచ్చాయి. ఇంక ఎంతోసేపు పట్టదని డాక్టరమ్మ అంది. ఆ మాట వినగానే అంతమ్మ పంతులుకు ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసరికి ఆమె ముఖంలో నెత్తురు లేదు.

"మూల నక్షత్రమంట. పగటీలి దాకా, మజ్జాన్నం దాటేదాకా ఉన్నదంట," అంది నాతో.

"ఉంటే ఉన్నది. బిడ్డ పంచాంగం చూసుకుని వస్తదా?"

"నీకేం ఎరుక? నా కొడుకు మూలలనే పుట్టిండు. ఏడాది తిరగలే, వాళ్ల నాయిన పోయిండు. గిప్పుడు గీ బిడ్డ గూడ మూలల పుడితే నా కొడుకుకు ఏమైతదో ఎవరికి ఎరుక? లారీలు, టిప్పర్లు తిరిగే రోడ్డు మీదున్నడు వాడు."

నేను కసిరి పంపుదామనుకున్నాను. కానీ ఆమె గొంతులో వంకర లేదు, పచ్చి భయం ఉంది. భయపడేవాళ్లతో వాదిస్తే భయం పోదు, పట్టుదల పెరుగుతుంది. ఇది రాసి పెట్టుకోండి.

నేను నీళ్లకు పోయి వచ్చేలోపల ఆమె కాన్పు గదిలోకి దూరింది. కోడలి చెవిలో ఏదో చెప్పింది. డాక్టరమ్మ బయటికి పంపించింది. పోయి తలుపు అవతలే కూర్చుంది.

ఆ తర్వాత స్వప్న మారిపోయింది.

నొప్పి వచ్చినప్పుడల్లా తొడలు దగ్గరికి బిగించేది. మంచం కమ్మీ పట్టుకుని పళ్లు కొరికేది. డాక్టరమ్మ "ముక్కమ్మా, గట్టిగ ముక్కు" అంటే తల అడ్డంగా ఊపేది. "నొప్పి తట్టుకోలేకున్నవా?" అంటే దానికీ తలే ఊపేది. బయటి నుంచి అంతమ్మ గొంతు వినబడేది.

"స్వప్నా! జర ఆపుకో బిడ్డా! ఇంక జరసేపే!"

డాక్టరమ్మ తలుపు దిక్కు చూసి అరిచింది. "ఆపుకోమంటున్నవా? బిడ్డ చచ్చిపోతదమ్మా!"

"నా కొడుకు సస్తే?" అని బయటి నుంచి జవాబు వచ్చింది.

ఆ మాటతో స్వప్న ఇంకా గట్టిగా బిగుసుకుంది. ఆమెకూ ఆ టిప్పర్ మనిషే మొగుడు కదా. బిడ్డ ఒకవైపు, మొగుడు ఒకవైపు గుంజుతుంటే, ఆ పిల్ల మధ్యలో తొడలు బిగించి పడుకుంది.

బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్ మా దగ్గర ఉంది. బాగున్నప్పుడు అది గుర్రం పరుగులా వినబడుతుంది. అప్పుడది గుర్రంలా లేదు. అలిసిన ఎద్దులా ఉంది. ఒక్కో నొప్పికి ఇంకా నెమ్మదించి, తేరుకోవడానికి ముందుకంటే ఎక్కువసేపు తీసుకుంటోంది. నర్సు సునీత మిషన్ వైపు చూడటం మానేసి నా వైపు చూడటం మొదలుపెట్టింది.

పెద్దాపరేషన్ చేయాలంటే మత్తు డాక్టర్ రావాలి. ఆయన హయత్‌నగర్ నుంచి బయలుదేరాడు. దారిలో ఎక్కడో ఇరుక్కున్నాడు. బిడ్డ తల కిందికి దిగి ఉంది. తల్లి ముక్కితే చాలు. తల్లి ముక్కదు.

డాక్టరమ్మ రెండు చేతులూ స్వప్న దగ్గరే ఉన్నాయి. తల ఎత్తకుండానే అంది. "బాలమ్మా, ఆమెను అక్కడి నుంచి లేపు. ఎట్ల లేపుతవో నాకు తెల్వదు."

నేను తలుపు తీశాను. అంతమ్మ గడపకు అడ్డంగా నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, చుట్టూ చేతులు వేసి, వేళ్లలో వేళ్లు బిగించింది. మోకాళ్ల మీద ఫోన్. కళ్లు అందులోని గడియారం మీద.

బతిమాలాలా, తిట్టాలా, జబ్బ పట్టి గుంజాలా? వాటికి వేళ మించిపోయింది. వెనక మిషన్ చప్పుడు మళ్లీ కిందికి జారింది. నాకు ఒక్క ఊపిరి తీసుకునేంత సమయమే ఉంది.

"పుట్టింది," అన్నాను.

"ఏందీ?"

"కాన్పు అయ్యింది. లే ఇగ."

ఆమె వేళ్లు ఊడిపోయాయి. ఫోన్ జారి నేల మీద పడింది. నిలబడటానికి గోడ పట్టుకుంది.

"మూల పోలే గదనే! ఇంక పోలే గద!"

"పోలే."

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

అబద్ధం చెప్పేవాళ్లు రెండో ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండాలి. నేను లేను. నోటికి వచ్చింది అన్నాను. "గా ముచ్చట తర్వాత. ముందుగాల నీ కొడుకు యాడున్నడో చూసుకో పో."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఫోన్ ఏరుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దిక్కు ఉరికింది. "మహేశా! బండి పక్కకు పెట్టు బిడ్డా! ఎక్కడున్నవో గక్కడ్నే పెట్టు!" అని ఆమె ఫోన్లో అరుస్తున్న అరుపు మెట్లు దిగి దూరమైంది.

నేను తలుపు వేసి స్వప్న చెవి దగ్గర వంగాను.

"మీ అత్తకు పుట్టిందని చెప్పిన. లేచి పోయింది. మీ ఆయనను బండి ఆపుమంటున్నది, విను. ఆమె భయపడే గడియ ఆమె లెక్కల అయిపోయింది. నువ్వింక ఎవరి కోసం పట్టుకుంటున్నవ్ బిడ్డా?"

స్వప్న నా ముఖం చూసింది. "బండి ఆపిండా?" అంది.

"ఆపుతడు. అమ్మ అంతగనం ఒర్రితే ఎవడు ఆపడు?"

కమ్మీ మీద ఆమె పిడికిలి విచ్చుకుంది. తర్వాతి నొప్పికి ముక్కింది. ఆ అరుపు సాగర్ రోడ్డు మీద బస్సుల్లో పోయేవాళ్లకు కూడా వినబడి ఉంటుంది.

బిడ్డ వచ్చింది. నేరేడు పండు రంగులో వచ్చింది. ఏడవలేదు.

నేను చెప్పిన అబద్ధం బరువెంతో అప్పుడు తెలిసింది. పుట్టిందని బయట చెప్పి వచ్చాను. ఈ బిడ్డ ఇట్లాగే ఉండిపోతే, ఆ మాట నా నోటిని జన్మంతా వదలదు. డాక్టరమ్మ బిడ్డ నోట్లో నీరు లాగింది, వీపు రుద్దింది, పాదాల మీద తట్టింది. సునీత ఊపిరి ఇచ్చే బుడ్డి అందించింది. నేను వెచ్చటి బట్ట పట్టుకుని నిలబడ్డాను. నా పని అదొక్కటే. పరిగెత్తడం సులువు, బట్ట పట్టుకుని నిలబడటమే కష్టం.

బిడ్డ మూలిగింది. తర్వాత కోపంగా ఏడ్చింది. ఆడపిల్ల.

నవ్వు

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

భయం దిగిపోగానే మనిషికి నవ్వొస్తుంది. అది తప్పు కాదు, ఒళ్లు అట్లా చేయబడింది. కానీ ఎక్కడ నవ్వుతామో చూసుకోవాలి. సునీత బయట వరండాలోకి పోయి, ఇంకో నర్సుతో కడుపు పట్టుకుని నవ్వింది.

"మన ఆయమ్మ ఉన్నది సూడు, ముసల్దాన్ని ఏం లేపింది! పుట్టకముందే పుట్టిందన్నది! అది చెప్పులు ఇడిసి ఉరికింది!"

అంతమ్మ గేటు దగ్గర నుంచి తిరిగి మెట్లెక్కుతోంది. అంతా విన్నది.

నేను బట్టలు తీసుకుని బయటికి వచ్చేసరికి నా జుట్టు ఆమె చేతిలో ఉంది.

"నాతోని అబద్ధమాడినవా? పుట్టలేదా అప్పటికి? ఇంక జరసేపు ఆగితే మూల పోతుండె గదనే! నా కొడుకుకు ఏమన్నయితే నీ పేరే చెప్తనే, నీ పేరే చెప్త!"

వరండా పొడుగునా నన్ను గుంజుకుపోయింది. బట్టలు చెల్లాచెదరయ్యాయి. నేను చెయ్యెత్తలేదు. నా జుట్టు పోతే పోయింది, లోపల ఏడుపు వినబడుతోంది.

దవాఖాన నడిపేది డాక్టరమ్మ భర్త. మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన చెడ్డవాడు కాదు, గొడవకు జడిసే మనిషి. చుట్టాలు పదిమంది గేటు ముందర చేరితే ఆయనకు న్యాయం కనబడదు, గేటు కనబడుతుంది. "ఆయమ్మను కాన్పు గదిల నుంచి తీసేసినం" అని వాళ్లకు చెప్పి పంపించాడు. చెప్పినట్లే చేశాడు. ఆ సాయంత్రం నుంచి నా పని వెనక దొడ్లో. రక్తపు దుప్పట్లు ఉతకడం, ఆరేయడం. లోపలికి అడుగు పెట్టొద్దన్నాడు.

బట్టల తీగ దగ్గర

దొడ్లోకి వచ్చి డాక్టరమ్మ ఒకరోజు నా పక్కన బండ మీద కూర్చుంది. నేను కోపంగా ఉన్నానని ఆమెకు తెలుసు.

"నన్ను అడిగి చెప్పాల్సింది బాలమ్మా."

"అడిగితే చెప్పమంటుంటిరా?"

"వద్దంటుంటిని," అంది. అప్పుడే గాలంతిస్ కథ చెప్పింది.

గాలంతిస్ బయటికి వచ్చి, గడపలో కూర్చున్న దేవతతో ఇట్లా అందట. "ఎవరవో గానీ, మా అమ్మగారికి శుభం చెప్పు. బిడ్డ పుట్టాడు." దేవత అదిరిపడి లేచింది. వేళ్లు విడిపోయాయి. లోపల బిడ్డ నిజంగానే పుట్టాడు. పెద్దయ్యాక వాడే గొప్ప బలశాలి అయ్యాడట. దేవత మోసపోయిందని చూసి గాలంతిస్ అక్కడే పకపకా నవ్వింది. దేవత ఆమె జుట్టు పట్టి నేలకు ఈడ్చింది. లేవబోతే లేవనివ్వలేదు. చేతులు ముందరికాళ్లు అయిపోయాయి. ముంగిస లాంటి చిన్న జంతువుగా మార్చేసింది. అబద్ధం చెప్పిన నోటితోనే పిల్లలను కనాలని శాపం కూడా పెట్టింది. అయినా ఆ జంతువు చురుకు పోలేదు, ఒంటి మీద ఆ జుట్టు రంగు పోలేదు. అది ఇప్పటికీ ఇళ్ల చుట్టే తిరుగుతుందట.

"ఆమె యజమానురాలు ఏం చేసింది మరి?" అని అడిగాను.

"ఏడ్చిందంట. చాలా రోజులకు కూడా తలచుకుని కథ చెప్పుకుందంట."

"ఏడ్చి ఏం లాభం? కాపాడొద్దా?"

డాక్టరమ్మ తల దించుకుంది. అది ఆమెను పొడవాలనే అన్నాను. తర్వాత నాకే బాధయింది. ఆ గేటు ముందు ఆమె మాట కూడా చెల్లలేదు.

గాలంతిస్ గురించి నా అభిప్రాయం అడిగితే చెప్తాను. అబద్ధం చెప్పడం తప్పు కాదు. ఆమె చూసినంత ఎవరూ చూడలేదు. తప్పు ఆ నవ్వు. ఓడినవాళ్లు ఇంకా గడపలోనే ఉన్నప్పుడు నవ్వకూడదు. ఆ దేవత హీరా పంపితే వచ్చింది. అంతమ్మ కూడా అంతే. ఆమెను పంపింది ఆమె భయం. వేళ్లు విడిపించాను గానీ, ఆ భయాన్ని ఎక్కడ దించుకోవాలో నేను చూపించలేదు. మీరు నా అబద్ధం నేర్చుకోకండి. అది ఒక్కసారికే పనికొచ్చింది, అది కూడా బిడ్డ బతికింది కాబట్టే ఇట్లా రాసుకుంటున్నాను.

మళ్లీ అంతమ్మ

స్వప్న బిడ్డ నడవడం నేర్చింది, మాటలు నేర్చింది. మహేశ్ టిప్పర్ నడుపుతూనే ఉన్నాడు. నేను దుప్పట్లు ఉతుకుతూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం తీగ మీద దుప్పటి పక్కకు జరిగింది. వెనక అంతమ్మ నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. నడుముకు ఎప్పుడూ ఉండే తాళాల గుత్తి చేతిలో ఉంది. దాన్ని బండ మీద పెట్టింది.

"లావణ్యకు నొప్పులు. నా బిడ్డ. పొద్దుగాల నుంచి అరుస్తున్నది. ఇంట్ల తాళాలన్నీ తీసొచ్చిన బాలమ్మా. నువ్వు లోపలికి రా."

"నన్ను రానియ్యరు. నీ పుణ్యమే గద అది."

"పెద్దసారుతోని మాట్లాడిన. గిప్పుడే. ఆయమ్మను లోపలికి పంపకుంటే గేటుకు అడ్డం పండుకుంటనన్న."

"అప్పుడూ గేటే, ఇప్పుడూ గేటేనా? ఈసారి నక్షత్రమేంది?"

"అడగలే," అంది. "అడిగితే తెలుస్తది గద."

నేను చేతులు కడుక్కున్నాను. ఆమె నా వెంటే నడిచింది. మెట్ల దగ్గర నా చెంగు పట్టుకుంది.

"అప్పటి లెక్కనే ఒక్క అబద్ధం చెప్పరాదు. జల్ది అయితదేమో."

"ఎవరికి చెప్పాలె? నీకా? నువ్విప్పుడు నమ్ముతవా?"

ఆమె నా చెంగు వదిలింది. టోపీ పెట్టుకుని, దాని కింద కొప్పు విప్పుకుని లోపలికి పోయాను.

లావణ్యది బిగుసుకోవడం కాదు, అలసిపోవడం. అప్పుడే బిడ్డ తల వచ్చి, భుజం లోపల పట్టేసింది. డాక్టరమ్మ నన్ను చూసింది, ఎందుకొచ్చావని అడగలేదు. "మోకాలు పట్టుకో బాలమ్మా, పొట్ట దిక్కు వంచు" అంది. ఒకవైపు నేను, ఇంకోవైపు సునీత పట్టుకున్నాం. సునీత ఇప్పుడు పెద్ద నర్సు. ఆమె ముఖంలో నవ్వు ఛాయ కూడా లేదు.

"అమ్మ గడపల కూసున్నదా?" అని లావణ్య గొణిగింది. ఆ ఇంట్లో నా అబద్ధం కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో ఏమో.

"కూసోలే. నిలబడ్డది. నువ్వు ముక్కు."

భుజం వదలలేదు. డాక్టరమ్మ నుదుటి మీద చెమట కంటిలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇంకోసారి వంచాం. ఏదో సడలినట్లు నా చేతికి తెలిసింది. బిడ్డ జారి వచ్చి, రావడంతోనే ఏడ్చాడు.

నేను టోపీ తీసి తలుపు తెరిచాను. అంతమ్మ గోడకు ఆనకుండా, చేతులు రెండూ కిందికి వదిలి నిలబడి ఉంది. అంతసేపూ అట్లాగే ఉందట.

"పుట్టిండు," అన్నాను.

ఆమె కదలలేదు. నా ముఖంలో వెతికింది. "నిజం చెప్పు."

తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగాను. ఏడుపు బయటికి వచ్చింది. ఆమె అప్పుడు కూడా ఒకటి అడగాలి కదా. అడిగింది.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

"మొగపిల్లగాడు. ఈసారి చూసే వచ్చిన."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అప్పుడు నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఆమె చెయ్యి ఎత్తి నా జుట్టు పట్టుకుంది. ఆ చెయ్యి నాకు గుర్తే. నేను కదలకుండా నిలబడ్డాను.

"పుట్టిండు గద," అంది. "ఇగ ముడేసుకోవచ్చు."

నా కొప్పు చుట్టి, గట్టిగా ముడేసింది.